అసలు పిట్ట ఎటు చూస్తుంది?

ఆఫీసులో నా హోదా ఏమిటో చెప్తే మా ఆవిడ ఇప్పటికీ నవ్వాపుకోలేదు. స్పెషలిస్ట్, టెక్స్‌టైల్ టూల్స్. ఎనిమిదో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి మళ్ళీ ఆ గేటు వైపు చూడనివాణ్ణి కెనడా స్పెషలిస్టుని చేసింది. అదే కెనడా, మా బిల్డింగులో ఉండే పెద్ద డాక్టరుగారి చేత పార్కింగ్ లాట్‌లో కాపలా కాయించింది. ఈ దేశం మనుషులకి విలువ కట్టే పద్ధతి అలా ఉంటుంది. దాంతో పోలిస్తే రాగి అచ్చులకి విలువ కట్టడం చాలా తేలిక.

ఈ లైనులోకి కొత్తగా వచ్చిన పిల్లలు కనిపించినప్పుడల్లా "అంకుల్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి" అంటారు. చెప్పడం మొదలుపెడితే ఫోన్ చూసుకుంటారు. అందుకని రాస్తున్నా. ఇదైనా ఫోన్లోనే చదువుతారు కాబట్టి మధ్యలో తల తిప్పుకోలేరు.

నేను పనిచేసింది టొరంటో శివారు ఎటోబికోలో, ఎయిర్‌పోర్టు పక్కన, ఒక వేలం కంపెనీలో. పోయినవాళ్ళ సామాను, చిన్న కాండోల్లోకి మారుతున్నవాళ్ళు వదిలించుకునే సామాను, విడాకుల్లో పంచుకోలేక ఇద్దరూ విసిరేసిన సామాను, అన్నీ మా గోడౌన్‌కి చేరేవి. మా ఆవిడ నర్సు. ఆవిడ పీఆర్ తోక పట్టుకుని నేనూ విమానం దిగా. మొదట బల్లలు మోశా, తర్వాత బీరువాలు, ఆ తర్వాత పియానోలు. ప్రమోషన్ అంటే బరువు పెరగడం అనుకునేవాణ్ణి. ఒకరోజు ఎవరి పెట్టెలోంచో చెక్క అచ్చులు బయటపడ్డాయి. మా యజమాని వాటిని బిస్కెట్లు నొక్కే అచ్చులనుకుని వంటసామాను పక్కన పెట్టించాడు.

"సర్, అవి బట్ట మీద అద్దకం వేసేవి" అన్నా.

"నీకెలా తెలుసు?"

"మాది పెడన. బడి మానేసి నేను చేరింది ఆ బల్ల దగ్గరే."

అంతే, ఆ రోజు నించి నూలుపోగుకి సంబంధం ఉన్న ప్రతి వస్తువూ నా నెత్తినే. జీతం పెంచలేదు, హోదా పెంచారు. హోదాకి ఖర్చుండదు కదా.

అలా నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఇండోనేషియా బాతిక్ అచ్చులూ ఉండేవి. అవి టొరంటోలో ఎందుకుంటాయని మీకు డౌటు రావచ్చు. పెడనవాడు ఎందుకున్నాడో అవీ అందుకే ఉన్నాయి. ఎవరో తీసుకొచ్చారు. మన అచ్చు టేకు చెక్కది, రంగులో అద్ది బట్ట మీద కొడతాం. వాళ్ళది రాగి. సన్నటి రేకుల్ని బొమ్మ గీతల ప్రకారం వంచి, అంచు మీద నిలబెట్టి, మాటేసి అతికించి, వెనక పిడి పెడతారు. దాన్ని కరిగిన మైనంలో అద్ది బట్ట మీద వేస్తారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. రంగులో ముంచి, మైనం కరిగించేస్తే బొమ్మ మిగులుతుంది. శాస్త్రం ఇంతే. దీని మీద మా ఆఫీసులో దిళ్ళంత పుస్తకాలుండేవి. నేను బొమ్మలు చూసేవాణ్ణి, మా యజమాని వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగేవాడు.

పాతదో, టూరిస్టుల కోసం మొన్న చేసిందో పట్టుకోవడానికి నా దగ్గర పెద్ద మంత్రమేమీ లేదు. అంచులు చూస్తా. నిజంగా పనిచేసిన అచ్చు అయితే బొమ్మ కుడి అంచు వెళ్ళి ఎడమ అంచుతో కలవాలి, ఎందుకంటే బట్ట పొడవునా పక్కపక్కనే వేసుకుంటూ పోవాలి. గోడకి తగిలించడానికి చేసినదానికి ఆ బాధ లేదు, పువ్వు సగంలో తెగిపోయినా దానికి సిగ్గుండదు. తర్వాత అద్దం మీద బోర్లించి చూస్తా, రేకులన్నీ ఒకే మట్టంలో ఆనుతున్నాయా అని. ఆ తర్వాత సందుల్లో వాసన చూస్తా. పాత మైనం వాసన ఎక్కడికీ పోదు. పోయిందంటే దానికి కారణం కస్టమరే. మిస్సిసాగాలో మన ఆంటీ ఒకావిడ గరాజ్ సేల్‌లో కొన్న అచ్చుని చింతపండు పెట్టి తోమి, ధగధగలాడించి తెచ్చింది.

"ఎంత పలుకుతుందండీ?" అంది.

"తోమక ముందు తెచ్చుంటే పురాతన వస్తువు అనేవాణ్ణి. ఇప్పుడు తుక్కు రాగి కింద పలుకుతుందండీ."

"పోన్లెండి, వేడి గిన్నె కింద పెట్టుకుంటా" అని హాయిగా వెళ్ళిపోయింది. ఈ మొత్తం వ్యాపారంలో సంతృప్తిగా ఇంటికెళ్ళిన కస్టమరు ఆవిడ ఒక్కతే.

ఇక కేసు సంగతి. అది టోపీలతో మొదలైంది.

మా కేటలాగు రాసేది హైదరాబాదు అమ్మాయి. ఐటీలో లేఆఫ్ అయి, మళ్ళీ దొరికేదాకా అని చేరింది. తను మాట్లాడే తెలంగాణా యాస, నా కృష్ణాజిల్లా యాస కలిసి కలిసి చివరికి ఇద్దరం రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా తయారయ్యాం. ఒకసారి మిస్సిసాగా నించి రిటైరైన ఫార్మసిస్టు ఒకాయన పెట్టెలు పంపించాడు. పెట్టెల మీద నల్ల ఇంకుతో మూడే అక్షరాలు: సి, ఏ, పి. లోపల రాగి వస్తువులు అని కాగితం. వేలం దగ్గరపడింది, పెట్టె విప్పే తీరిక లేదు. అమ్మాయి చదివింది, నమ్మింది, వెబ్‌సైటులో టోపీల సెక్షన్‌లో పెట్టేసింది: పాతకాలపు రాగి క్యాపులు, ఆసియా.

ఇండోనేషియా భాషలో 'సి' రాసి 'చ' అని పలుకుతారు. చాప్. అచ్చు అని అర్థం. హిందీవాళ్ళ ఛాపాకి చుట్టం అనుకోండి. ఇది మాకు తెలిసేలోపే ఒకాయన తన తల కొలత పంపించాడు. ఇంకొకావిడ చెవులు కప్పుతుందా అని అడిగింది. టొరంటో జనవరిలో రాగి టోపీ! పెట్టుకున్నవాడికి మళ్ళీ ఊడేది మేలోనే.

మర్నాడు ఫార్మసిస్టుగారు స్వయంగా వచ్చాడు. టై కట్టుకుని, ఆ టై కంటే బిగుసుకుని.

"ఇవి టోపీలా? మా నాన్న అచ్చులు ఇవి!"

"అచ్చులని మాకూ తెలుసు సర్. వెబ్‌సైటుకే ఇంకా తెలీదు."

ఆయన నవ్వలేదు. అమ్మాయి బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి నవ్వుకుంది.

"సరిచేసి రాయండి" అన్నాడాయన. "అసలు సెట్టు అని రాయండి. మా చెల్లెలి దగ్గర కూడా ఇలాంటివే ఉన్నాయి. అవి కాపీలు. అది కూడా రాయండి."

"కేటలాగులో ఎదుటివాళ్ళ వస్తువుల్ని తిట్టే కాలమ్ లేదు సర్."

"అయితే పెట్టండి" అని వెళ్ళిపోయాడు.

ఆ చెల్లెలు వచ్చేదాకా కథ ఆగలేదు. మా రాగి టోపీల పేజీని ఇండోనేషియావాళ్ళంతా ఒకరికొకరు పంపించుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారట. అలా అది నార్త్ యార్క్‌లో ఉండే ఆవిడ ఫోన్‌కి చేరింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. పెట్టె విప్పాక మేం ఆ పేజీలో పెట్టిన ఫొటోలు చూసి తండ్రి అచ్చుల్ని గుర్తుపట్టింది. కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచీలో తన వాటా అచ్చులు పెట్టుకుని, సబ్‌వే ఎక్కి, బస్సు మారి, మంచులో ఆ సంచీని ఈడ్చుకుంటూ మా గోడౌన్‌కి వచ్చింది. పీచులా సన్నటి మనిషి. ఆ బరువు నేను ఎత్తబోతే చెయ్యి పెట్టనివ్వలేదు.

"మా అన్నయ్యవి అసలువైతే, మరి నావేమిటి?" అంది.

కుర్చీ వేశాం, టీ ఇచ్చాం. జావా ఉత్తర తీరంలో ఏదో ఊళ్ళో వాళ్ళ నాన్నకి బాతిక్ షెడ్డు ఉండేది. మైనం పొగ పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని అన్నాచెల్లెళ్ళిద్దర్నీ చిన్నప్పుడే పట్నం బడికి పంపేశాడు. షెడ్డులో పని ఎలా జరుగుతుందో ఇద్దరూ చూసింది లేదు. షెడ్డు మూసేసేటప్పుడు అచ్చుల్ని ఇద్దరికీ పంచాడు. ఏళ్ళు గడిచాయి, ఇద్దరూ కెనడా వచ్చారు. తల్లి పోయినప్పుడు, అంత్యక్రియల భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందూ అన్నగారు ఒక మాటన్నాడు: నాన్న నాకు అసలువి ఇచ్చాడు, దీనికి ఆడుకోవడానికి కాపీలు ఇచ్చాడు. ఆ రోజు నించి ఇద్దరికీ మాటల్లేవు.

"మీరు చెప్పండి" అంది ఆవిడ. "మా నాన్న నాకు నకిలీలు అంటగట్టాడా? ఆ ఒక్క ముక్క చాలు. అవునంటే ఇవి నేను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళను. మీ చెత్త డబ్బాలో పడేసుకోండి."

"మాకు చెత్త డబ్బా లేదమ్మా. మా దగ్గర అంతా వేలమే" అన్నా. నా జోకులకి ఆ కుటుంబం మొత్తానికే ఎలర్జీ ఉన్నట్టుంది.

ఆవిడ తన అచ్చుల్ని మా దగ్గర వదిలి వెళ్ళాక, ఇద్దరివీ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఆయనవి ఈ వరస, ఆవిడవి ఆ వరస. రేకుల మందం ఒకటే. మాటు వేసిన చెయ్యి ఒకటే. పిడులు చెమటకి నల్లబడ్డ తీరు ఒకటే. అంచులు రెండిటికీ కలుస్తున్నాయి. మైనం వాసన రెండిటికీ ఉంది. కాపీలే అయితే ఇంత కష్టపడి మైనంలో ఎవరు ముంచారు? అప్పుడు ఇంకు అద్ది కాగితం మీద ఒక్కోటీ వేసి చూశా. ప్రతి అచ్చులోనూ తీగల మధ్య తోక పొడుగు పిట్ట ఒకటుంది. అన్నగారి అచ్చు వేస్తే పిట్ట కుడికి చూస్తోంది. చెల్లెలిగారిది వేస్తే ఎడమకి చూస్తోంది. ఒకటి కాదు, అన్నీ అంతే. ఆయన పిట్టలన్నీ మిస్సిసాగా వైపు, ఆవిడ పిట్టలన్నీ నార్త్ యార్క్ వైపు.

"దొరికింది!" అన్నా.

"ఏం దొరికింది అంకుల్?"

"దొంగ."

అమ్మాయికి వివరంగా చెప్పా. అచ్చు మీద బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి, అప్పుడే బట్ట మీద సరిగ్గా పడుతుంది. పెడనలో ఎవడైనా పక్క షాపు డిజైను కొట్టేయాలంటే వాళ్ళ బట్ట ఒకటి కొని, ఆ బొమ్మని ఉన్నదున్నట్టు చెక్క మీద దించేవాడు. తిప్పాలన్న ఆలోచన హడావిడిలో తట్టదు. దాంతో కొడితే నెమలి అటు చూడాల్సింది ఇటు చూసేది. మా మేస్త్రీ సంతలో అరమైలు దూరం నించి చూసి "ఆ నెమలి మనదేరా, మెడ పట్టేసింది పాపం" అనేవాడు. కాబట్టి ఇక్కడా అంతే. ఒకటి అసలు, ఒకటి ఆ బట్ట చూసి చేసిన కాపీ. అన్నగారు పెట్టెలో పెట్టి పంపిన తండ్రి ఫొటో కూడా ఉంది. వెనక వేలాడుతున్న బట్టలో పిట్ట కుడికే చూస్తోంది. ఇంకేం కావాలి?

"అంటే పాపం ఆ ఆంటీవే కాపీలా?" అంది అమ్మాయి.

"పిట్ట చెప్తోంది, నేను కాదు."

"మరి మైనం అంకుల్? కాపీలకి మైనం ఎందుకుంది?"

"నువ్వు కేటలాగు రాసుకోమ్మా. టోపీలున్నాయేమో చూడు."

యజమానికి చెప్తే చప్పట్లు కొట్టాడు. "అసలు, నకిలీ, అన్న, చెల్లెలు! కేటలాగులో కథ అదిరిపోతుంది" అని అప్పటికప్పుడు ఇద్దరికీ ఫోన్ చేయించి ఒకే రోజుకి రమ్మన్నాడు. మనుషుల్ని విడివిడిగా పిలిచి చెప్పాల్సిన మాటల్ని ఒకే గదిలో చెప్పిస్తే వ్యాపారం బాగుంటుందని ఆయన నమ్మకం. పోనీలెండి, ఆ నమ్మకమే నన్ను కాపాడింది.

ఆ రోజు మంచు దంచి కొడుతోంది. అన్నగారు కారులో ముందే వచ్చేశాడు. చెల్లెలు బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయి, "మాస్" అంది. నేనూ అమ్మాయీ మొహమొహాలు చూసుకున్నాం. మా ఇద్దరికీ తెలిసిన మాస్ అంటే సినిమా హాల్లో ఈలలు, కాగితాలు ఎగరెయ్యడం. ఈ టై కట్టుకున్నాయనలో మాస్ ఎక్కడుందా అని వెతికా. తర్వాత తెలిసింది, జావాలో మాస్ అంటే అన్నయ్య. అంత కోపంలోనూ, అన్నేళ్ళ తర్వాతా, ఆవిడ నోటికి అదే వచ్చింది. ఆయన తలూపాడు. అంతవరకే.

ఆవిడ తన అచ్చుల్ని తిరిగి చుట్టుకెళ్ళడానికని సంచీలో తెచ్చిన పాత బట్టని బల్ల మీద పరిచి, వాటిని దాని మీదే వరసగా పేర్చింది. గోధుమరంగూ నీలమూ కలిసిన బట్ట, నిండా తీగలు, మధ్యలో పిట్టలు. నాన్న షెడ్డులోదే అంది.

నేను నా సర్కస్ మొదలుపెట్టా. కాగితాలు పరిచా, ఇంకు అద్దా. టప్, కుడికి చూసే పిట్ట. టప్, ఎడమకి చూసే పిట్ట. యజమాని చేతులు కట్టుకుని, టీవీవాళ్ళు వచ్చారేమో అన్నట్టు నిలబడ్డాడు.

"రెండూ ఒకే పిట్ట" అన్నా. "కానీ ఒకటి తిరగబడింది. మా అద్దకంలో తిరగబడిన బొమ్మ ఉందంటే, రెండిట్లో ఒకటి ఇంకోదాన్ని చూసి చేసిందని లెక్క."

"ఎడమకి చూసేది" అన్నాడు అన్నగారు వెంటనే. "నాన్న ఫొటోలో కుడికి చూస్తుంది. చెప్పండి, ఎడమదే కదా?"

నేను నోరు తెరిచా. అసలు ఆ క్షణం కోసమే కదా పొద్దున్నించీ గొంతు సవరించుకుంటున్నా. కానీ ఆవిడ నా నోటి వైపు చూడటం మానేసింది. చెప్పకుండానే వినేసింది. నెమ్మదిగా ఒక్కో అచ్చూ ఎత్తి, బట్ట మీంచి తీసి, పక్కన వట్టి బల్ల మీద పెట్టింది.

"ఇవి మీరే ఉంచుకోండి" అంది. "బట్ట మాత్రం తీసుకెళ్తా. బట్టకి కాపీ ఉండదు కదా."

అని మడవడం మొదలుపెట్టింది. బట్ట పొడుగ్గా ఉంది, ఒక్కతీ మడవలేకపోతోంది. మా అమ్మాయి వెళ్ళి రెండో కొస పట్టుకుంది. చీర మడిచినట్టు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అమ్మాయి ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది, మళ్ళీ తిప్పింది.

"ఆంటీ, దీనికి మంచి వైపు ఏది? ఏ వైపు లోపలికి మడవాలి?"

"దీనికి మంచి వైపు, చెడ్డ వైపు లేవు" అంది ఆవిడ. మాటలో కొంచెం పొగరుంది. "తిరగేసి కట్టుకుంటే తెలిసిపోయే బట్ట మా నాన్న అమ్మేవాడు కాదు."

నేను అక్కడే ఉన్నా. ఇంకు అంటిన చేత్తో, తెరిచిన నోటితో.

పెడన బట్ట తిరగేస్తే వెనక వెలిసినట్టుంటుంది. మేం కొట్టేది ఒకవైపే. వెనక్కి ఎంత దిగితే అంత, అక్కడికి అది దాని అదృష్టం. ఈ బట్ట వెనక కూడా ముందులాగే ఉంది, గీత గీతా. అంటే వెనక కూడా మైనం వేశారు. సరిగ్గా ముందున్న గీత మీదే వెనక గీత పడాలి. కుడికి చూసే పిట్ట ఉన్న బట్టని తిప్పితే, ఆ పిట్ట ఎటు చూస్తుంది?

"అంకుల్, నోరు మూసుకోండి, మంచు పడుతుంది" అంది అమ్మాయి తెలుగులో.

నేను ఆ బట్ట కొస అందుకుని చూశా. ఇటువైపు నించి పిట్ట కుడికి. అటువైపు నించి అదే పిట్ట ఎడమకి. అన్నగారి ఫొటోలో కుడికి చూడటానికి కారణం, ఆ రోజు బట్ట ఆరేసినవాడు దాన్ని అలా వేశాడు, అంతే. తిప్పి వేసుంటే ఈ అన్నాచెల్లెళ్ళ పోట్లాట కూడా తిరగబడేది.

ఆవిడ పక్కన పెట్టిన అచ్చుల్లోంచి ఒకటి తీశా. అన్నగారి వరసలోంచి దాని జోడీ తీశా. ఒకదాని మొహం ఒకదానికి ఎదురుగా పట్టుకుని, రెండు చేతులతో నమస్కారం పెట్టినట్టు దగ్గరికి తెచ్చా. రేకు మీద రేకు కూర్చుంది. తీగ మీద తీగ, తోక మీద తోక. పిట్ట ముక్కు దగ్గర ఆయన అచ్చులో రేకుకి చిన్న సొట్ట ఉంది. ఆవిడదాంట్లో సరిగ్గా దానికి ఎదురుగా అదే సొట్ట. కాపీ చేసేవాడు గీతని దించుతాడు గాని సొట్టని దించడు. రెండు రేకుల్నీ కలిపి పట్టుకుని ఒకేసారి వంచినవాడి చేతిలోనే సొట్ట కూడా కలిసి పడుతుంది.

"ఇవి జత" అన్నా. "ఒకటి బట్ట ముందుకి, ఒకటి వెనక్కి. ఒకే రోజు, ఒకే మనిషి, రెండూ కలిపి చేశాడు. వీటిలో కాపీ లేదు. విడదీస్తే సగం సగం, అంతే."

ఆవిడ చెయ్యి చాపింది. ఆ జతని అలాగే, మూసిన పుస్తకంలా, ఆవిడ చేతిలో పెట్టా. విప్పింది, మూసింది, మళ్ళీ విప్పింది. అన్నగారు టై వదులు చేసుకున్నాడు. ఆయన కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉన్నాయి.

"భోజనాల దగ్గర నేనన్న మాట..." అని ఆగిపోయాడు.

"అందరూ విన్నారు, మాస్" అంది ఆవిడ.

"అందరికీ చెప్తా."

"అందర్నీ పిలిచి చెప్పాలి. భోజనాలు పెట్టి."

"పెడతా."

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో "ఎంత స్వీట్ అంకుల్! ఇద్దరూ ఎప్పటికీ కలిసుండాలని వాళ్ళ నాన్న కావాలనే అలా పంచిండు" అంది. కావచ్చు. లేదా ఆ పెద్దాయన పెట్టె ముందు కూర్చుని నీకొకటి, నీకొకటి అంటూ పైనించి పంచుకుంటూ పోయి ఉండొచ్చు. రెండోదే జరిగుంటుందని నా అనుమానం. కానీ నేను స్పెషలిస్టుని రాగికి, తండ్రులకి కాదు. అందుకని నోరు మూసుకున్నా. మీరూ ఈ పనిలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి చోట నిలబడతారు. వస్తువు ఏం చెప్తోందో అంతవరకే చెప్పండి. మిగతాది వాళ్ళు కల్పించుకుంటారు, మనకంటే బాగా కల్పించుకుంటారు.

యజమాని మొహం మాత్రం వాడిపోయింది. అసలు, నకిలీ కథ పోయింది. జత అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఇద్దరూ ఇక అమ్మేది లేదన్నారు. "ఇంత మంచి కేటలాగుని పాడుచేశావు" అన్నాడు నాతో. స్పెషలిస్టుని పెట్టుకుంటే ఇదే నష్టం.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. రిపోర్టులో 'జత' అని రాయించి, సంతకం పెట్టి, ఇద్దరికీ తలా ఒక ప్రతి ఇచ్చా. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి బ్యాగులో పెట్టుకుని, కోటు గుండీలు పెట్టుకుంటూ చాలా మామూలుగా అంది:

"అయితే ముందు వేసేది నాదన్నమాట."

అన్నగారు కారు తాళాలు జేబులోంచి తీయబోయి ఆగాడు.

"ఎవరన్నారు? ముందు వేసేది కుడికి చూసేదే. ఫొటో ఉంది."

"ఫొటో సంగతి ఆయన చెప్పాడుగా. అది ఆరేసినవాడి ఇష్టం."

"నేను పెద్దవాణ్ణి. నాన్న ముందుది పెద్దవాడికే ఇస్తాడు."

"నేను చిన్నదాన్ని. మంచిది చిన్నదానికే ఇస్తాడు."

తర్వాత వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయారు. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు గాని తోబుట్టువుల పోట్లాటకి డబ్బింగ్ అక్కర్లేదు. ఉన్నట్టుండి ఇద్దరూ నావైపు తిరిగారు.

"మీరు చెప్పండి. ఏది ముందు?"

నిజం చెప్పాలంటే అది కనిపెట్టొచ్చు. మొదట వేసే వైపు అచ్చుకీ, గీత మీద గీత వెతుక్కుంటూ వేసే వెనక వైపు అచ్చుకీ అంచుల అరుగుదలలో తేడా ఉంటుంది. అంచు గుర్తులు ఎక్కడ ఎక్కువ అరిగాయో తీరిగ్గా కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఆ జత నా చేతిలో ఉన్నంతసేపట్లోనే నాకో అభిప్రాయం వచ్చేసింది కూడా.

"ఇది చాలా క్లిష్టమైన ప్రశ్న" అన్నా, పుస్తకాలు చదివినవాళ్ళు మాట్లాడే గొంతుతో. "పరిశీలించాలి. టైం పడుతుంది."

"ఎంత టైం?"

"చెప్పలేం."

సరేనన్నారు. మంచు ఎక్కువైంది, బస్సులు ఆలస్యం అన్నారు. ఆవిడ చక్రాల సంచీ అన్నగారి కారు డిక్కీలోకి ఎక్కింది. పెట్టెలూ ఎక్కాయి, ఎందుకంటే పరిశీలన అయ్యేదాకా రెండు వరసలూ ఒకేచోట ఉండాలని, ఎవరింట్లో ఉండాలో దారిలో తేల్చుకుంటామని ఇద్దరూ ఒప్పుకున్నారు. కారు అద్దాలు మూసేసున్నా లోపల ఇద్దరి చేతులూ ఊగడం కనిపిస్తూనే ఉంది.

నేను రిటైరయ్యాక కూడా ఫోన్లు ఆగలేదు. మొదట్లో ఇద్దరూ విడివిడిగా చేసేవారు, ఒకరికి తెలియకుండా ఒకరు, తమ పిట్టకి సిఫార్సు కోసం. ఇప్పుడు ఆదివారాలు ఒకే ఇంట్లోంచి, స్పీకర్ పెట్టి చేస్తున్నారు. వెనక గిన్నెల చప్పుడు వినపడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. "ఇంకా తేలలేదా? ఇన్నాళ్ళా?" అని కోప్పడతారు.

"ఇంకా పరిశీలనలోనే ఉందండీ" అంటా.

మా ఆవిడ పక్కనించి "ఏం మనిషివయ్యా, ఆ ఒక్క ముక్క చెప్పేస్తే పోదా?" అంటుంది.

పోతుంది. అందుకే చెప్పట్లేదు.